వేళ తప్పిన సైరన్

ఆ సోమవారం పొద్దున క్రాంతికుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆఫీసులో సైరన్ మోగాలి. అది వినగానే పిల్లలు ఎవరి పని వాళ్లు చకచకా చేయాలి. అది చూసి హైదరాబాదు నుంచి వచ్చే పెద్దసారు తృప్తిగా తల ఆడించాలి. ఆ తర్వాత ఆయనకు నాటుకోడి కూరతో అన్నం పెట్టి కారెక్కించాలి. కోడి సంగతి ముందురోజే చెప్పి పెట్టాడు. మిగతాదంతా కోడికన్నా సులువనుకున్నాడు.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. పినపాక పోయే దారిలో, బొగ్గుబాయి కాలనీ దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక రెండంతస్తుల మేడ. దాని మీద ‘వెదురుగుట్ట డిజిటల్ సర్వీసెస్’ అని బోర్డు. ఎక్కడెక్కడో పట్నాల్లో ఉన్న దవాఖానాల కంప్యూటర్ల మంచిచెడ్డలు ఇక్కడ కూర్చుని చూస్తారు. అక్కడ రోగి పేరు కొడితే ఇక్కడి సర్వర్‌లో పడుతుంది. పనిచేసే పిల్లలంతా డిగ్రీలు చదివిన బాయి కార్మికుల పిల్లలే. తండ్రులు భూమిలోకి దిగే వేళకు వీళ్లు మెట్లెక్కి ఏసీ గదిలోకి పోతారు. సాయంత్రం అందరూ ఒకే కాలనీకి చేరుతారు.

ఈ పిల్లలకు ట్రైనింగు ఇవ్వడం క్రాంతికుమార్ ఉద్యోగం. ఏ పద్ధతిలో చెబితే బుర్రకెక్కుతుందో తేలక ఏడాదిగా నలిగిపోతున్నాడు. మొదట తెర మీద స్లైడ్లు వేసి పాఠం చెప్పాడు. రెండో స్లైడు వచ్చేసరికి వాసు నిద్రపోయేవాడు. అది కునుకు కాదు, నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి నిద్ర. తర్వాత వీడియో పాఠాలు పెట్టాడు. పిల్లలు శబ్దం తీసేసి, వీడియోను తెరమీద ఓ మూలకు తోసి, ఇంకో మూల తమ పని తాము చూసుకున్నారు. చివరకు పరీక్ష పెట్టాడు. అందరికీ మంచి మార్కులే వచ్చాయి. అందరూ తప్పు రాసిన ప్రశ్న ఒక్కటే, రాసిన తప్పు కూడా ఒక్కటే.

పోయిన వారం సర్వర్ నిజంగానే ఆగిపోయింది. అప్పుడు చేయాల్సింది ఏమంత కష్టం కాదు. ముందు దవాఖానాలకు ఫోన్ చేసి, కాసేపు పేర్లు కాగితం మీద రాసుకోమని చెప్పాలి. తర్వాత పనిని హైదరాబాదులోని బ్యాకప్ సర్వర్ మీదికి మార్చాలి. అంతా సరిగా ఉందని చూసుకుని మళ్లీ మొదలుపెట్టమనాలి. ఇదంతా స్లైడ్లలో ఉంది, వీడియోలో ఉంది, పరీక్షలోనూ వచ్చింది. ఆ రోజు మాత్రం పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఒకేసారి క్రాంతికుమార్‌కు ఫోన్ చేశారు. అతను బావమరిది పెళ్లిలో, చర్చిలో, పాట మధ్యలో ఉన్నాడు. ఈలోగా ఎవరో ఎవరికీ చెప్పకుండా సర్వర్ మార్చేశారు. పేర్లు కలగాపులగం అయ్యాయి. పంటి నొప్పికి వచ్చిన ఒక పెద్దాయనను ప్రసూతి వార్డులోకి రమ్మని మైకులో పదే పదే పిలిచారట.

ఆ మర్నాడే హెడ్డాఫీసు నుంచి వెంకటరామారావు ఫోన్ చేశాడు. ట్రైనింగులన్నిటికీ ఆయనే పెద్ద.

“క్రాంతి గారూ, మీవాళ్లకు నేర్పే పద్ధతి ఒక్కటంటే ఒక్కటి నా కళ్లకు చూపించండి. సోమవారం వస్తాను. లేదంటే ఆ పని ఇక్కడికి తెచ్చేసుకుంటాం. మీ బ్రాంచి మూసేస్తాం.”

మూసేస్తే పిల్లలందరూ మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు హాస్టళ్లకు పోవాలి. క్రాంతికుమార్ కూడా పోవాలి. భార్య తబితా ఇక్కడి దవాఖానాలో నర్సు. మామ సారయ్య బాయిలో పనిచేసి రిటైరై, బొగ్గు దుమ్ము దగ్గుతో వీళ్లింట్లోనే ఉంటాడు. ఆయన ఈ కాలనీ దాటి నిద్ర పోలేడు. అందుకే క్రాంతికుమార్‌కు ఆ వారమంతా అన్నం సయించలేదు.

అది చూసి సారయ్యే అడిగాడు. “ఏంది అల్లుడా, కంచంల చెయ్యి పెట్టి ఏడనో చూస్తున్నవ్?”

క్రాంతికుమార్ అంతా చెప్పాడు. సారయ్య మాత్ర మింగి, నీళ్లు తాగి, తీరిగ్గా అన్నాడు. “మాకు బాయిల పాఠాలు చెప్పి నేర్పిండ్రా ఏంది? చెప్పా పెట్టకుండ లోపటి చిన్న సైరన్ కొట్టేటోళ్లు. యాడున్నోడు ఆడనించి ఉరకాలె. ఆళ్లు గడియారం పట్టుకొని నిలబడేటోళ్లు. గట్ల నాలుగుసార్లు ఉరికితే కాళ్లకే తెలుస్తది. నెత్తికి చెప్పుడెందుకు?”

క్రాంతికుమార్‌కు ప్రాణం లేచివచ్చింది. చెప్పాపెట్టని డ్రిల్లు! పక్కగదిలో ప్రాక్టీసు కోసం ఉంచిన పాత కంప్యూటరు ఒకటి ఉంది. దాన్ని ఆపేసి సైరన్ కొడతాడు. అసలు సర్వర్ ఆగిపోయిందనుకుని పిల్లలు పరుగులు పెడతారు. నిజం తెలిసేలోపు పని నేర్చేసుకుంటారు. రహస్యమే దీనికి ప్రాణం కాబట్టి భార్యకు చెప్పలేదు, ఐడియా ఇచ్చిన మామకూ చెప్పలేదు. వాచ్‌మన్ పగిడయ్యకు మాత్రం సగం చెప్పాడు.

“మంచి చప్పుడు వచ్చేది ఒకటి కావాలె పగిడయ్యా. గదిల నిద్రపోయేటోడు లేవాలె.”

“వాసు సారా?” అన్నాడు పగిడయ్య.

“ఎవరైతేంది. ఇంకొకటి, కరెంటు పోయినా మోగాలె.”

పగిడయ్య ఆదివారం నాడు ఇనుప సామాన్ల కొట్టుకు పోయి, నీటి డ్రమ్మంత సైరన్ ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. తుప్పు గోకి, మేడమీద బిగించి, ఎలక్ట్రీషియన్‌తో వైరు లాగించి, స్విచ్చిని క్రాంతికుమార్ టేబులు పక్కన పెట్టించాడు.

“ఒకపాలి కొట్టి చూద్దామా సార్?”

“వద్దొద్దు. కొడితే అందరికీ తెలిసిపోతది.”

ఆ సైరన్ ఎక్కడిదని అతను అడగలేదు. పగిడయ్య చెప్పలేదు. అడగని మాటకు జవాబు చెప్పే అలవాటు పగిడయ్యకు లేదు.

*

వెంకటరామారావు చెప్పిన వేళకే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. క్రాంతికుమార్ గదిలో అద్దాల వెనక కూర్చుని, తెచ్చుకున్న సీసాలోంచి నీళ్లు తాగి, పిల్లలను చూశాడు. పిల్లలు తలలు వంచి బుద్ధిగా పని చేసుకుంటున్నారు. వాసు తల మరికాస్త ఎక్కువ వంగి ఉంది.

“పాఠమా, వీడియోనా?” అన్నాడు వెంకటరామారావు.

“కాదు సార్. పని మీద పడేసి నేర్పే పద్ధతి. మీరు చూస్తూ ఉండండి,” అని క్రాంతికుమార్ పక్కగదికి పోయి ప్రాక్టీసు కంప్యూటరు ఆపి వచ్చి, స్విచ్చి నొక్కాడు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత మేడమీద ఏదో దున్నపోతు నిద్రలేచినట్టు మూలిగింది. ఆ మూలుగు సాగి, లేచి, ఇంకా లేచి, కిటికీ అద్దాలు వణికేంత కూతై, అడవి మీదుగా పోయి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. క్రాంతికుమార్ గభాలున లేచి తలుపు వైపు రెండడుగులు వేశాక గానీ, దాన్ని మోగించింది తానేనని గుర్తు రాలేదు.

అది బాయి సైరన్. అచ్చంగా అదే.

ఆ కాలనీలో పుట్టినవాళ్లకు షిఫ్టు సైరన్ గడియారంతో సమానం. అది మోగితే ఎవరూ తలెత్తరు. వేళ తప్పి మోగిందంటే మాత్రం బాయిలో ఏదో అయిందని అర్థం. పొయ్యి ఆర్పాలి. తలుపు దగ్గరగా వేయాలి. పక్కింటివాళ్లను పేరు పెట్టి కేకేయాలి. ఉన్న కాళ్లతో బాయి గేటుకు ఉరకాలి. ఇది ఎవరూ పాఠంగా చెప్పరు. పిల్లలు తల్లి చంకలో ఉండగానే, ఆమె ఉరికినప్పుడు నేర్చుకుంటారు. పక్కింటివాళ్లను కేకేయకుండా ఉరికినవాళ్లను మాత్రం ఆ తర్వాత నెలల తరబడి నల్లా దగ్గర దెప్పుతారు.

ఆఫీసులో కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి.

“వాసూ! లెవ్వురా! బాయి!” అని అరిచింది హర్షిత. ఆ టీములో అందరికీ పెద్ద ఆమే.

ఏ పాఠానికీ మెలకువ రాని వాసు, కళ్లు తెరవకముందే మెట్ల దగ్గర ఉన్నాడు. ఒకరు ఇంకొకరి పేరు కేకేస్తున్నారు. ఎవరో వెళ్తూ వెళ్తూ టీ కెటిల్ స్విచ్చి కూడా ఆపారు. హర్షిత భుజానికి బ్యాగు తగిలించుకుని, అద్దాల గదిలోకి తల పెట్టి, వెంకటరామారావును చూసింది.

“సార్, మీ వాళ్లు ఎవరన్న బాయిల ఉన్నరా?”

“లే... లేరమ్మా.”

“అయితే మీరు కూసోండ్రి,” అని ఆమె ఉరికింది.

చూస్తుండగా ఆఫీసు ఖాళీ అయింది. తిరిగే కుర్చీలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

వెంకటరామారావు నీళ్ల సీసా మూత పెట్టడం మరిచిపోయాడు. “క్రాంతి గారూ, సర్వర్ ఆగిపోతే మీవాళ్లు చేసేది... పారిపోవడమా?”

“ఇది... మొదటి భాగం సార్,” అన్నాడు క్రాంతికుమార్.

స్విచ్చి ఆపబోయాడు. అది ఇరుక్కుపోయింది. కొట్టాడు. ఊడి చేతికొచ్చింది. సైరన్ మాత్రం మోగుతూనే ఉంది. కిందికి ఉరికి మెయిన్ ఆపాడు. లైట్లు పోయాయి, ఏసీ పోయింది, సైరన్ పోలేదు.

“పగిడయ్యా! కరెంటు తీసేసినా మోగుతుందేందయ్యా!”

“కరెంటు పోయినా మోగాలన్నరు గద సార్. అందుకే సర్వర్ బ్యాటరీల లైనుకు కలిపిచ్చిన,” అన్నాడు పగిడయ్య. చెప్పిన పని చెప్పినట్టు చేసినందుకు ఆ మొహంలో కొంచెం తృప్తి కూడా ఉంది.

కరెంటు పోయినా సర్వర్ ఆగకుండా నడిపించే బ్యాటరీలవి. మళ్లీ పైకి వచ్చి కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా జనం. కొంగులు నడుముకు బిగించిన ఆడవాళ్లు, సగం గడ్డం గీయించుకున్న ఒక మనిషి, ఆ మనిషి వెనక కత్తితో మంగలి. ఆటోలు వెనక్కి తిరిగి బాయి వైపు పోతున్నాయి. ఎవరు మొదలుపెట్టారో, చర్చి గంట కూడా మోగుతోంది. క్రాంతికుమార్‌కు ఈ కూత ఇంకొక్క నిమిషం మోగితే పినపాక కూడా కదిలి వస్తుందనిపించింది. కళ్లు మూసుకుని బ్యాటరీల లైను ఆపేశాడు.

సైరన్ మూలుగుతూ, దిగుతూ, ఆగింది. దానితోపాటే గదిలో ఏడాది పొడుగునా వినబడే సన్నటి హోరు కూడా ఆగింది. ఆ హోరు అసలు సర్వర్‌ది.

అంత నిశ్శబ్దాన్ని క్రాంతికుమార్ ఎన్నడూ వినలేదు.

“ఏమైందండీ?” అన్నాడు వెంకటరామారావు.

జవాబు చెప్పేలోపు మేడమీదనుంచి పొగ వాసన వచ్చింది. కాలిపోయిన సైరన్ మోటారు పొగ అది. పగిడయ్య గోడకున్న ఎర్ర సిలిండరు ఊడదీసి, పొగ ఎక్కడుందో చూడకముందే మీట నొక్కాడు. తెల్లటి పొడి బుస్సుమని లేచి అద్దాల గదిలోకి పోయింది. పొడి తగ్గాక చూస్తే వెంకటరామారావు అదే కుర్చీలో, అదే సీసాతో, పిండిబొమ్మలా కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి. మాట్లాడదామని నోరు తెరిస్తే దగ్గు వచ్చింది.

*

ఇక బాయి దగ్గర జరిగింది వేరు. సైరన్ వినగానే పైనున్నవాళ్లు తమ బాయి చూసుకున్నారు. అక్కడ ఏమీ కాలేదు. కూత వచ్చింది అడవి వైపు నుంచి. ఆ వైపు ఉన్నది పిల్లల ఆఫీసు ఒక్కటే. “ఆఫీసు కూలిందంట,” అన్నారెవరో. అది కిందికి చేరేసరికి, “పిల్లలు లోపట్నే ఉన్నరంట” అయింది. షిఫ్టు షిఫ్టంతా పైకి వచ్చింది. రెస్క్యూ టీముకు పెద్ద రామ్‌సింగ్, వాసు తండ్రి. ఆయన హెల్మెట్లతో, స్ట్రెచర్‌తో, నలుగురు మనుషులతో జీపెక్కి అడ్డదారిన వచ్చి ఆఫీసు ముందు దూకాడు.

లోపల ఒక్క పిల్లా పిల్లగాడూ లేరు. తిరగబడ్డ కుర్చీలు, పొగ, చీకటి, తెల్లగా పాలిపోయి మాట రాని ఒక మనిషి.

“విషగాలి మింగిండు! ఎత్తుండ్రి!” అన్నాడు రామ్‌సింగ్.

“ఆయన బాగానే ఉన్నడు కాకా! అది పొడి, పొడి!” అన్నాడు క్రాంతికుమార్.

“నాకు చెప్పకు సార్. బాగున్నట్టే కనిపిస్తరు. గాలి మింగినోళ్లు గట్లనే చూస్తరు.”

వెంకటరామారావు చేతులు ఆడించాడు. “తన్లాడుతున్నడు, బెల్టు ఎయ్యుండ్రి,” అన్నాడు రామ్‌సింగ్. బెల్టు వేసి, ముక్కుకు గాలి గొట్టం పెట్టి, జీపులోకి ఎక్కించారు. ఏం చేయాలో తోచక క్రాంతికుమార్ కూడా ఎక్కాడు.

మూడు బాటల కాడ జీపు ఆగిపోయింది. ముందుకు పోవడానికి సందు లేదు. తండ్రుల కోసం, మొగుళ్ల కోసం బాయికి ఉరికినవాళ్లు ఒక పక్క. పిల్లల కోసం బాయినుంచి ఉరికినవాళ్లు ఇంకో పక్క. హోటల్ ముందు రెండు గుంపులూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

“బాపూ!” అని గుంపులోంచి వాసు వచ్చి జీపు పట్టుకున్నాడు. “నీకేమైంది బాపూ?”

“నాకేమైతది? నీకేమైందిరా?” అన్నాడు రామ్‌సింగ్.

“నాకేంగాలే. మరి బాయిల?”

“బాయిల ఏంగాలే. మరి ఆఫీసుల?”

“ఆఫీసుల ఏమైతది?”

తండ్రీ కొడుకులు ఒకరినొకరు నఖశిఖపర్యంతం తడుముకున్నారు. చుట్టూ అందరూ అదే మాట, అదే తడుముకోవడం. హర్షిత తల్లి కూతుర్ని చూసి ఏడ్చి, తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు. అందరూ బతికే ఉన్నారని తేలాక గుంపు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న.

దాన్ని అడిగింది సారయ్య. చొక్కా తిరగేసి తొడుక్కుని, చెప్పుల్లేకుండా, దగ్గుతూ ముందుకు వచ్చాడు.

“అది మా పాత బాయి సైరన్. ఆ బాయి మూతబడి ఏండ్లయింది. దాన్ని యాడ్నించి తవ్వితీసిండ్రు? ఎవడు కొట్టిండు?”

జీపులోంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది.

అంతమంది ఒకేసారి చూస్తే ఎలా ఉంటుందో క్రాంతికుమార్‌కు అప్పుడు తెలిసింది. “ట్రైనింగు కోసం,” అన్నాడు. మాట తనకే వినబడలేదు.

“ట్రైనింగా?” అంది ఒకావిడ. “పొయ్యి ఆర్పుడు గూడ మర్చిన, నా పప్పు మాడింది. పప్పు పోతే పోయింది, నా పానం పోయింది గద సారూ!”

“మామా, సైరన్ కొట్టి నేర్పాలని మీరే చెప్పిండ్రు గద,” అన్నాడు క్రాంతికుమార్ దీనంగా.

“చెప్పినప్పుడు చెప్పిన. ఇనవడంగనే ఉరికిన. కాళ్లు నన్ను అడిగి ఉరుకుతయా?” అన్నాడు సారయ్య. అని ఆ రాళ్ల మీద కూలబడి, అరికాళ్లు చూసుకున్నాడు. అల్లుడి వైపు మళ్లీ చూడలేదు. క్రాంతికుమార్‌కు సైరన్ కన్నా, మాడిన పప్పు కన్నా ఆ అరికాళ్లే ఎక్కువ తగిలాయి.

హర్షిత ఒక్కతే వేరే సంగతి ఆలోచిస్తోంది. “సార్, మరి సైరన్ ఎట్ల ఆపిండ్రు?”

“బ్యాటరీలు తీసేసి.”

“అంటే సర్వర్?”

“ఆగింది.”

“ప్రాక్టీసుదా?”

“అసలుదే,” అన్నాడు క్రాంతికుమార్.

పిల్లలందరి మొహాలు ఒకేసారి పాలిపోయాయి. అప్పుడే, “ఈ సారు కండ్లు తేలేస్తున్నడు, నడువు!” అని రామ్‌సింగ్ కేకేశాడు. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాడు. జనం చీలారు. జీపు క్రాంతికుమార్‌ను వేసుకుని దవాఖానాకు దూసుకుపోయింది.

*

దవాఖానాలో మొత్తం స్టాఫు గేటు దగ్గర వరసగా నిలబడి ఉన్నారు. సైరన్ వాళ్లూ విన్నారు. మంచాలన్నీ సిద్ధం చేశారు. వచ్చింది ఒక్క స్ట్రెచరే కావడంతో డ్యూటీలో ఉన్నవాళ్లందరూ ఆ ఒక్క మనిషి మీదే పడ్డారు. వెంకటరామారావుకు ఆక్సిజన్ పెట్టారు, బీపీ చూశారు, చొక్కా కత్తిరించారు. “అమ్మా, నాకేం...” అనబోతే, తబితా మాస్కు నొక్కిపెట్టి, “మాట్లాడకుండ్రి సార్, ఊపిరి తీసుకోండ్రి,” అంది. నర్సుగా ఆమె మాట ఇంతవరకు ఎవరూ జవదాటలేదు.

తర్వాత మూలన నిలబడ్డ మొగుణ్ని చూసింది.

“ఇగో, మీరేందిక్కడ? ఎవరీయన?”

“మా పెద్దసారు.”

“ఏమైంది?”

“నేనే అయిన,” అన్నాడు క్రాంతికుమార్.

జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. పట్నంలోని పెద్ద దవాఖానా. పంటి నొప్పి పెద్దాయనను ప్రసూతికి పిలిచింది ఆ దవాఖానాలోనే. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తితే ఏం వినాలో అతనికి తెలుసు. ఎంతమంది రోగులు ఏ వార్డుల్లో ఎవరి పేర్లతో తిరుగుతున్నారో కళ్లకు కట్టింది. మంచం మీద వెంకటరామారావు మాస్కు వెనకనుంచి, ఎత్తమన్నట్టు వేలు చూపించాడు. ఆ వేలికి ఇంకా పొడి అంటుకునే ఉంది. క్రాంతికుమార్ ఎత్తబోయి స్పీకరు నొక్కాడు.

“క్రాంతి గారాండీ? థ్యాంక్స్ చెబుదామని చేశానండీ,” అంది అవతలి ఆవిడ.

క్రాంతికుమార్ ఫోన్‌ను చెవినుంచి తీసి, నంబరు మరోసారి చూసుకున్నాడు.

“సర్వర్ ఆగిందని మేము మీకు చెప్పేలోపే మీ అబ్బాయి ఫోన్ చేశాడండీ. పేర్లు కాగితం మీద రాసుకోమన్నాడు. టీ తాగి వచ్చేసరికి మళ్లీ మొదలైపోయింది. ఈసారి ఎవర్నీ తప్పు వార్డుకు పిలవలేదు. కాకపోతే ఆ అబ్బాయి వెనక ఏదో ఊరేగింపు చప్పుడు వచ్చిందండీ. పండగా?”

“అట్లాంటిదే,” అన్నాడు క్రాంతికుమార్.

ఫోన్ పెట్టేలోగా హర్షిత, వాసు రొప్పుకుంటూ లోపలికి వచ్చారు. హర్షిత చంకలో ల్యాప్‌టాప్ ఉంది. దాని మీద టీ మరక, బిస్కట్ పొడి.

“అయిపోయింది సార్! బ్యాకప్ మీద నడుస్తుంది,” అంది హర్షిత. “నా బ్యాగుల ల్యాప్‌టాప్ నాతోనే ఉరికొచ్చింది. హోటల్ కాడ బల్ల మీద పెట్టినం. వాసు ఫోన్ల నెట్టు పెట్టినం.”

“దవాఖానాలకు ఎవరు చెప్పిండ్రు?”

“అందరం చెప్పినం సార్. సైరన్ మోగితే ఎవరి పక్కింటోళ్లను వాళ్లు కేకేస్తం గద. గట్లనే ఎవరి దవాఖానాను వాళ్లు కేకేయుండ్రన్న. ఒక్కటి కూడ తప్పిపోలే. తప్పితే నల్లా కాడ బతకనిస్తరా?”

“సర్వర్ మార్చిందెవరు?”

“నేనే సార్,” అన్నాడు వాసు తల దించుకుని. “ఇయ్యాల నిద్ర రాలే.”

మంచం మీద వెంకటరామారావు లేచి కూర్చున్నాడు. మాస్కు తీసేశాడు. మొహం మీద మాస్కున్న మేర మాత్రం మనిషి రంగు కనిపించింది. కాసేపు పిల్లల్ని, కాసేపు క్రాంతికుమార్‌ను, కాసేపు కత్తిరించిన తన చొక్కాను చూసుకున్నాడు.

“క్రాంతి గారూ,” అన్నాడు నెమ్మదిగా. “సైరన్ కొట్టారు. జనాన్ని కదిలించారు. చెప్పకుండా అసలు సర్వరే ఆపేశారు. పెద్దమనిషి పక్కన లేకుండా, ఆఫీసు లేకుండా, కరెంటు లేకుండా వాళ్ల చేతనే నిలబెట్టించారు. ఆఖరికి నన్ను కూడా స్ట్రెచర్ ఎక్కించారు. ఇదంతా... మీ ప్లానేనా?”

క్రాంతికుమార్ నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లో తబితా థర్మామీటరు పెట్టింది.

“అవ్ సార్. ఆరోగ్యం గూడ చూసుకోకుండ వారం నుంచి ఇదే ఆలోచన. నోరు మూసుకోండ్రి, జరం చూడాలె,” అంది.

“ఊఁ... ఊఁఊఁ,” అన్నాడు క్రాంతికుమార్, అడ్డంగా తల ఊపుతూ.

“ఆ వినయం చూడండి,” అన్నాడు వెంకటరామారావు.

*

బ్రాంచి మూత సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాలుగు రోజులాగి, మనసు ఒప్పక క్రాంతికుమార్ తానే వెంకటరామారావుకు ఫోన్ చేసి, స్విచ్చి ఎలా ఇరుక్కుందో, సర్వర్ ఎందుకు ఆగిందో దాచకుండా చెప్పాడు. ఆయన పెద్దగా నవ్వి, “సీక్రెట్ బయట పెట్టనక్కర్లేదండీ, మీ పద్ధతి మీ దగ్గరే ఉంచుకోండి,” అన్నాడు.

కాలనీలో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఎస్సై పిలిపించి గట్టిగా మందలించాడు. సగం గడ్డంతో ఉరికిన మనిషి ఆ ఎస్సైకి బావమరిదట. ఆదివారం చర్చిలో అందరి ముందు నిలబడి క్రాంతికుమార్ క్షమాపణ చెప్పుకున్నాడు. తర్వాత ఇంటింటికీ పోయి చెప్పాడు. పొయ్యి ఆర్పడం మరిచిన ప్రతి ఇంట్లోనూ మాడిన గిన్నె తెచ్చి చూపించారు. చెప్పి పెట్టిన నాటుకోడి ఇంటికి చేరి, కోసే మనసు ఎవరికీ లేక దొడ్లో తిరుగుతోంది. సారయ్యకు కొత్త చెప్పులు కొనిచ్చాడు. ఆయన తీసుకున్నాడు గానీ, ఒక వారం పాటు అల్లుడితో దగ్గుతోనే మాట్లాడాడు. సైరన్‌ను మళ్లీ మోగకుండా పగిడయ్య చేతనే ముక్కలు చేయించి, పక్కన నిలబడి చూశాడు.

ఆ నెలాఖరులో హెడ్డాఫీసు నుంచి కబురు వచ్చింది. మీ బ్రాంచిలో వాడిన పద్ధతి మహా గొప్పగా ఉంది, దాన్నే అన్ని బ్రాంచీలకూ ఎంచుకున్నాం. అయితే సైరన్, స్ట్రెచర్, జనం లేకుండా, ఆ విషయమంతా స్లైడ్లుగా చేసి, ముందు మీవాళ్లకే పాఠంగా చెప్పి చూపించండి, అని.

క్రాంతికుమార్ చాలా శ్రద్ధగా తయారు చేశాడు. సోమవారం పొద్దున తెర దించి, లైట్లు ఆర్పి, ‘వేళ తప్పిన సైరన్ నేర్పిన పాఠం’ అని మొదటి స్లైడు వేశాడు.

రెండో స్లైడుకు వాసు నిద్రపోయాడు.